ఎవరి చెయ్యీ పడని గింజ

డేలు తన విత్తనాల కుండ మూతిని బూడిద కలిపిన బంకమట్టితో మూసి, తడి ఆరకముందే దాని మీద బొటనవేలు నొక్కేది. అప్పుడప్పుడు ఆ కుండను గుమ్మం దగ్గరికి తెచ్చుకుని, ఆ గుర్తులో మళ్లీ వేలు పెట్టి చూసుకునేది. వేలు సరిగ్గా కూర్చుంటే కుండ లోపలికి వెళ్లిపోయేది. కూర్చోలేదని ఆమెకు అనిపిస్తే ఆ పూట ఇంట్లో ఎవరికీ సంకటి గొంతు దిగేది కాదు.

నేను ఆమె సవతిని. బారౌకు రెండో పెళ్లాంగా తుదున్ దాషి ఊరికి వచ్చిన నాటినుంచి, మొన్న చలిగాలుల్లో ఆమె పోయేదాకా, ఇద్దరం ఒకే ప్రహరీ లోపల బతికాం. ఆమె గురించి చెప్పుకోవడానికి ఆమె కడుపున పుట్టినవాళ్లు లేరు. ఉన్నవాళ్లలో ఆమెను ఎక్కువగా ఎరిగినదాన్ని నేనే, ఎందుకంటే ఆమె నన్ను అందరికన్నా ఎక్కువగా కనిపెట్టి చూసింది.

అనుమానించడం ఆమెకు వాకిలి ఊడ్చుకోవడం లాంటి పని. పొద్దున లేవగానే మొదలయ్యేది. తల దువ్వుకుంటే రాలిన వెంట్రుకలు ఏరి కాల్చేది. తను కూర్చుని లేచిన చోట ఇసుకను కాలితో చెరిపేది. మా ఇంట్లో వంట రెండేసి రోజుల వంతు. నా వంతు వచ్చినప్పుడల్లా ఆమె గిన్నె తీసుకుని నా ఎదురుగా కూర్చునేది.

"ముందు నువ్వు తిను, పిల్లా. ఉప్పు చూడు."

"చూశానక్కా. సరిపోయింది."

"ఇంకో ముద్ద తిను. ఉప్పు అడుగున ఉంటుంది."

నేను తినేదాన్ని. అడుగుదాకా తినిపించి, నా ముఖం కాసేపు చూసి, అప్పుడు తను మొదలుపెట్టేది. అప్పటికి సంకటి చల్లారిపోయేది. చల్లారిన సంకటి వడ్డించానని ఇంటాయనతో చెప్పేది.

డేలు మేపే పొట్టేళ్లకు మా వైపు పేరుండేది. ఇంటింటా పొట్టేలు కోసే తబాస్కి పండగ దగ్గర పడితే మరాది పట్నం నుంచి లారీల్లో వచ్చే బేరగాళ్లు సంతకు పోకుండా ముందు మా ప్రహరీ దగ్గర ఆగేవాళ్లు. ఆ పొట్టేళ్లు తినేది అలసంద మేత. కాయలు కోసుకున్నాక, ఆకు ఇంకా పచ్చగా ఉండగానే తీగను మొదలంటా కోసి, ఎండలో తిరగేసి, చుట్టలు చుట్టి పందిరి మీద దాచుకునే మేత. సజ్జ సాళ్ల మధ్య అలసంద అందరూ వేస్తారు. కాని డేలు చేలో తీగ సాలు దాటి సాలుకు పాకి, నేల కనపడకుండా కప్పేసేది. ఆ గింజ ఆమె తల్లిది. పెళ్లయి వచ్చేటప్పుడు కొంగున కట్టుకొచ్చింది. కాయ ఆలస్యంగా వస్తుంది, గింజ కూడా తక్కువే, ఆకు మాత్రం విపరీతం. ఆ గింజ ఉంటేనే ఆ మేత, ఆ మేత ఉంటేనే పొట్టేళ్లు. పొట్టేళ్లు ఉన్నాయి కాబట్టే ఆమె ఆ ఇంట్లో ఎవరి ముందూ చెయ్యి చాపలేదు, పిల్లలు లేరని ఎవరిచేతా మాట పడలేదు.

కాయలు కోయడానికి ఊళ్లో ఆడవాళ్లను పిలిచేది. ఎప్పుడో, నేను రాకముందు, వాళ్లలో ఒకామె తలగుడ్డలో కాయలు దాచుకుంటూ దొరికిపోయిందట. ఆ రోజు నుంచి డేలు, కూలివాళ్లు కోసిన కాయల్లోంచి విత్తనం తీయడం మానేసింది. తిండికి, అమ్మకానికి ఎవరు కోసినా ఫరవాలేదు. విత్తనానికి మాత్రం ఎవరి చెయ్యీ, ఎవరి కన్నూ పడనివి కావాలి. కోత అయిపోయి అందరూ ఇళ్లకు పోయాక, కొన్ని రోజులు ఆగి, తనొక్కతే చేలోకి పోయి, వాళ్లు తాకకుండా వదిలేసిన మొక్కల మీది కాయలు ఏరుకుని కొంగున కట్టుకుని వచ్చేది. కుండలోకి పోయేవి అవే.

నేను కాపురానికి వచ్చిన మొదటి వానలకే ఆ చేను చెడింది. మొలవడం బాగానే మొలిచింది. రెండో కలుపు నాటికి ఆకులు ముడుచుకున్నాయి. కొత్తగా వచ్చే ఆకు చిన్నదై, అంచులు లోపలికి మడతపడి, పచ్చదనం మధ్య పసుపు చారలు పడి, పాత గుడ్డకు అతుకులు వేసినట్టుండేది. తీగ సాగలేదు. ఎక్కడి మొక్క అక్కడే గుత్తిగా కూర్చుండిపోయింది. కొసల నిండా నల్ల పేను.

డేలు చేలో గొంతుక్కూర్చుని ఆకులను వేళ్ల మధ్య నలుపుతూ చాలాసేపు ఉండి, ఇంటికి వచ్చి నన్ను పిలిచింది.

"చేలోకి ఎప్పుడెళ్లావు?"

"వెళ్లలేదక్కా. నువ్వు వెళ్లనివ్వలేదుగా."

"వెళ్లకుండానే చేసే పనులున్నాయి. మీ అమ్మగారి ఊళ్లో మందులు పెట్టేవాళ్లు ఎంతమంది?"

"మందులు పెట్టేవాళ్లెవరూ లేరు. పాలలో కలుపుకునే సజ్జ ముద్దలు, ఫురా అమ్మేవాళ్లున్నారు."

"ఫురాలోనే పెడతారు," అని తల పంకించింది. తనకు కావలసిన జవాబే వచ్చినట్టు.

ఊరు మొత్తం మీద డేలును వెక్కిరించి క్షేమంగా ఇంటికి పోగలిగినవాడు షెకరౌ ఒక్కడే. ఆమె మేనమామ కొడుకు. ఆ వరస వాళ్లు మా వైపు ఒకళ్లనొకళ్లు బానిస అని పిలుచుకుంటారు, ఒకరి ఇంట్లో కంటికి నచ్చింది ఇంకొకరు ఎత్తుకుపోతారు, ఎవరికీ కోపం రాకూడదు. ఆ ఏడు మేత చుట్టలు పందిరి మీదికి ఎక్కించిన రోజు అతను వచ్చి కింద నిలబడి చూశాడు.

"ఏమే బానిసా, ఇంతేనా? దీంతో పొట్టేలును మేపుతావా, పొట్టేలుకు దిండు కుడతావా?"

"నీ నోటి దిష్టే తగిలింది, బావా."

"నా దిష్టయితే నీకు తగలాలి, మొక్కకెందుకు తగులుతుంది? అయినా పోయినేడు మాత్రం నీ పందిరి నిండిందా? అంతకుముందేడు నీ మేత ఎత్తుకుపోదామని వస్తే నిచ్చెన కావలసొచ్చింది. పోయినేడు నిలబడి లాక్కున్నాను."

"అంటే దొంగతనం ఒప్పుకుంటున్నావు."

"బానిస సొమ్ము యజమానిదే. నేననేది ఏంటంటే, పోయినేటికి ఈ పిల్ల ఇంకా ఇక్కడికి రానేలేదు."

డేలు నా వైపు తిరిగి కాసేపు చూసింది. "రాకముందే మొదలుపెట్టి ఉంటుంది," అంది.

షెకరౌ అంతటితో ఊరుకోలేదు. మోటారుసైకిల్ మీద ఊళ్లు తిరిగి సేద్యం గురించి చెప్పే ఆఫీసు మనిషి సంతకు వస్తే, అతన్ని వెంటబెట్టుకుని చేలోకి తెచ్చాడు. చేలో ఇంకా పీకని మొక్కలు కొన్ని మిగిలి ఉన్నాయి. అతను ఒకటి పీకి, ఆకును ఎండకు అడ్డంపెట్టి చూశాడు.

"ఇది పురుగు తిన్నది కాదు, అమ్మమ్మా. నేల తప్పూ కాదు. వైరస్. మనుషులకు జ్వరం వచ్చినట్టు మొక్కకు వచ్చే జబ్బు."

"కంటికి కనపడుతుందా?" అని అడిగింది డేలు.

"అది కనపడదు."

"మరి నువ్వెలా చూశావు?"

షెకరౌ నవ్వాడు. ఆ మనిషి నవ్వలేదు, ఓపికగానే చెప్పాడు. "ఆకు తీరు చూసి చెప్తాం. నల్ల పేను ఈ మొక్క రసం పీల్చి ఆ మొక్క మీద వాలితే దానికీ అంటుకుంటుంది. మొదలు మాత్రం గింజలోంచే. జబ్బు మొక్క గింజ నాటితే కొన్ని మొలకలు జబ్బుతోనే పుడతాయి. అవి చాలు, చేనంతా పాకడానికి. కాయకన్నా ముందు ఆకు పోతుంది, కాడ పొట్టిదైపోతుంది, పశువుకు మిగిలేది ఏమీ ఉండదు. దీనికి మందు లేదు. ఆ గింజ మానేసి వేరే గింజ వేసుకోవడమే."

"ఆ వేరే గింజ నీ దగ్గరుంటుంది."

"మా ఆఫీసులో ఉంది."

"అదీ సంగతి," అంది డేలు. ఇక అతను ఏం చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

ఆ ఏడు పొట్టేళ్లకు వేరుసెనగ కట్టె కొని వేసింది. వాటికి ఒళ్లు రాలేదు. పండగ ముందు లారీ ఒకటి మా ముందు ఆగింది. బేరగాడు దిగి, ఒక పొట్టేలు వెన్ను మీద చెయ్యి వేసి నొక్కి చూసి, చెయ్యి తీసేసి, ఏమీ అనకుండా వెళ్లి లారీ ఎక్కాడు. డేలు ఆ పొట్టేలు తాడు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నేను దగ్గరికి వెళ్లబోతే, "చూసి సంతోషపడటానికి వస్తున్నావా?" అంది. ఆగిపోయాను.

రెండో వానలు పడగానే ఆమె నాకొక పరీక్ష పెట్టింది.

"ఈసారి నువ్వూ నాటు. నీ గింజ, నీ చెయ్యి, నా చేలో. పక్కపక్క సాళ్లు. నీది పెరిగి నాది పెరగకపోతే తెలిసిపోతుంది."

"నాదీ పెరగకపోతే?"

"నన్ను మోసం చెయ్యడానికి నీది నువ్వే చెడగొట్టుకున్నావని తెలుస్తుంది."

మా అమ్మ దగ్గర నుంచి గింజలు తెప్పించి నాటాను. మామూలు గింజలు, ఊళ్లో పదిమంది చేతుల్లో పడి తిరిగేవి. అవి మొలిచాయి, ఆకులు విప్పాయి, సాగాయి. పక్కన ఆమె సాళ్లలో మొక్కలు మూడో ఆకుకే ముడుచుకున్నాయి. నా మొక్కలు చెడిపోవాలని నమాజు తర్వాత చేతులెత్తి అడిగిన వానాకాలం అదొక్కటే. దేవుడు వినలేదు. చివరికి నల్ల పేను నా సాళ్ల అంచులకూ పాకింది గాని, అప్పటికే నా తీగలు చాలా దూరం వెళ్లిపోయాయి. డేలు రోజూ వచ్చి రెండింటి మధ్యా నిలబడి చూసి పోయేది. ఒక్క మాటా అనేది కాదు. నాకు ఆమె మాటలకన్నా అదే భయంగా ఉండేది.

కోతలయ్యాక ఆమె లిమాన్‌ను ఇంటికి పిలిపించింది. మసీదులో నమాజు చేయించే పెద్దమనిషి ఆయన. పందిరి కింద చాపలు వేశారు. మా ఆయన ఒక మూల కూర్చున్నాడు. మేకల బేరగాడు ఆయన. ఎవరి వైపు మాట్లాడితే ఎవరి వంతు నాడు కూరలో ఉప్పు తగ్గుతుందో చూసుకుని గాని నోరు తెరిచేవాడు కాదు. ఆ రోజు అసలే తెరవలేదు.

"ఈమెచేత ఖురాన్ మీద ప్రమాణం చేయించండి," అంది డేలు. "నా చేలో చెయ్యి పెట్టలేదని చెప్పమనండి."

ప్రమాణం దాకా పోయిన సవతులు ఆ తర్వాత ఒకే కుండలోది తినలేరు. ఇద్దరిలో ఒకరు పుట్టింటికి పోవలసిందే. నిజం చెప్పి ప్రమాణం చేసినా పోవలసింది నేనే. అది అక్కడున్న అందరికీ తెలుసు.

"చేస్తాను," అన్నాను. "కాని అక్కా, నేను ప్రమాణం చేస్తే నీ తీగ సాగుతుందా? నేను పోయాక కూడా ఇలాగే మొలిస్తే అప్పుడు ఎవరిచేత చేయిస్తావు?"

"దొరుకుతారు."

"దొరుకుతారు, నిజమే. అయితే ముందు నా చెయ్యి పడలేని చోట నాటి చూడు. నీ గది ఉంది, తాళం ఉంది. నీ కుండలోంచి నువ్వే తీసి, నువ్వే నాటు. బాగా మొలిస్తే, చేలో చెడగొట్టింది నేనేనని ఒప్పుకుని, ఎవరూ పంపకుండానే మా ఊరు పోతాను."

లిమాన్ గడ్డం నిమురుకున్నాడు. "అందులో నష్టమేముంది, డేలూ? ఖురాన్ ఎక్కడికీ పోదు, ఈ పిల్లా ఎక్కడికీ పోదు."

డేలు ఆలోచించింది. ఇందులో మోసం ఎక్కడుందో వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. దొరకలేదు కాబోలు, సరేనంది.

మూతి పగిలిన వెడల్పాటి కుండ ఒకటి తీసింది. నేను ఎప్పుడూ నడవని దారిలో పోయి ఇసుక, పెంటమట్టి తెచ్చింది. బావి నీళ్లు తనే తోడుకుంది. విత్తనాల కుండ మూతిని పగలగొట్టి, గింజలు నాటి, పేను గాని, కన్ను గాని పడకుండా పల్చటి గుడ్డ కప్పి అంచులు తాడుతో బిగించింది. గది లోపల, గుమ్మంలోంచి ఎండ పడే చోట పెట్టుకుని పక్కనే కూర్చునేది. బయటికి పోవలసి వస్తే తాళం వేసి చెవి మొలకు కట్టుకునేది. నా నీడ కూడా అటు పడకూడదని నేను వంటపాక వెనకనుంచి చుట్టూ తిరిగి పోయేదాన్ని.

మొలకలు మూడేసి ఆకులు విప్పిన రోజున నన్ను పిలిచింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు.

"రా, చూడు. ఎంత శుభ్రంగా ఉన్నాయో. మూట సర్దుకో."

గుమ్మం బయట నిలబడి వంగి చూశాను. చాలావరకు శుభ్రంగానే ఉన్నాయి. ఒక పక్కన నాలుగైదు మొలకలు అలా లేవు. ఈనెల పక్కన పసుపు దిగింది. ఒకదాని ఆకు కొస మెలిపడటం మొదలుపెట్టింది.

"అక్కా, ఈ పక్కవి మచ్చగా ఉన్నాయి."

"ఏం మచ్చ?"

"పసుపు మచ్చ. చేలో వచ్చిందే."

ఆమె కుండను రెండు చేతులతో ఎత్తి ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ముక్కుకు ఆకు తగిలేంత దగ్గరికి. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అప్పుడు చూశాను ఆమె కళ్లను. నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క పడ్డట్టుంది, రెండింటిలోనూ. రెండేళ్లుగా ఆమె నన్ను అంత తేరిపార చూస్తుంటే నేను ఆ కళ్లలోకి చూడకుండా తల దించుకుంటూ వచ్చాను. మట్టి మీది గుర్తును కంటితో కాక వేలితో చూసుకోవడం, చేలో ఆకులను నలిపి చూడటం, సంకటి తినిపించి నా ముఖం మీదికి వంగడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. కళ్లు మసకబారుతున్నాయని తెలిస్తే ఎవరేం చేస్తారోనని, ఆ సంగతి కూడా ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

"అబద్ధం," అంది. "నువ్వు వంటపాకలోకి పో. నేను పిలిచేదాకా రావద్దు, ఎవరితోనూ మాట్లాడొద్దు."

షెకరౌను పిలిపించింది. నేను వంటపాకలోంచి వింటున్నాను.

"ఈ మొలకలు ఎలా ఉన్నాయో చెప్పు. వెక్కిరింపులు వద్దు."

"ఇవి బాగున్నాయి. ఇదిగో ఇవి పసుపెక్కాయి. ఇది మెలిపడింది."

"అలా చెప్పమని ఎవరు చెప్పారు నీకు?"

"నా కళ్లు చెప్పాయే, బానిసా. అవి నీ సవతితో మాట్లాడవు."

అతన్ని ప్రహరీ బయటికి పంపి, ఇంకెవరితోనూ కలవనివ్వకుండా కులును పిలిపించింది. కులు ఏటా కాయలు కోయడానికి వచ్చే ఆడవాళ్లలో పెద్దది. లోపలికి వచ్చి కుండను చూసి, అడగకముందే అంది.

"ఇలాంటివి మేం కొయ్యం కదా, డేలమ్మా."

"ఏంటి కొయ్యరు?"

"ఇదే, ఇలా చారలు పడ్డవి. పెద్దయితే ముడుచుకుపోతాయిగా. వీటికి కాయలుండవు. ఉన్నా రెండో మూడో, అవీ మిగతా మొక్కల కాయలు ఎండాక కూడా పచ్చిగానే ఉంటాయి. వంగి లేవడం దండగని వదిలేసి పోతాం. తర్వాత నువ్వేగా వచ్చి ఏరుకునేది? ఎందుకు ఏరుకుంటావోనని మాలో మేం అనుకుంటాం కూడా. పొట్టేళ్లకేమో అనుకున్నాం."

కులు సెలవు అడక్కుండానే వెళ్లిపోయింది.

డేలు ఆ రోజు బయటికి రాలేదు. మర్నాడు వంట వంతు నాది. గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టి, అలవాటు కొద్దీ ముద్ద తీసుకోబోయాను. ఆమె గిన్నెను తన వైపు లాక్కుని తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక ఆగింది.

"వాళ్ల కన్ను పడలేదనుకున్నాను," అంది.

"పడిందక్కా. పడింది కాబట్టే వదిలేశారు."

"ఏటేటా ఏరి ఏరి వాటినే దాచాను." వేళ్లు నాకడం మర్చిపోయి చేతిని అలాగే గాలిలో ఉంచుకుంది. "మా అమ్మ ఇచ్చినప్పుడు ఇలా లేదు."

సాయంత్రం షెకరౌ వచ్చాడు. ఇక ప్రమాణం మాట ఎవరూ ఎత్తలేదు. కుండలో ఉన్న గింజలన్నీ ఉడకబెట్టి ఊరందరికీ పెట్టమని, ఆఫీసు వాళ్ల గింజ తనే తెచ్చిపెడతానని చెప్పాడు. ఉడికిన గింజ వల్ల మనుషులకేం కాదని ఆ మోటారుసైకిల్ మనిషి అన్నాడట. "యజమాని మొదట తింటాడు. బతికితే నువ్వూ తిను," అన్నాడు. డేలు నవ్వలేదు. అతను వెళ్లాక నన్ను పిలిచింది.

"కుండలో అన్నీ మచ్చవేనా?"

"కాదు. ఎక్కువ బాగానే ఉన్నాయి."

"ఏవి బాగున్నాయో నాకు తెలియడం లేదు."

ఆమె నాతో అన్న మాటల్లో అంత కష్టపడి అన్నది మరొకటి లేదు. సవతికి, అందులోనూ తను ప్రమాణం చేయించబోయిన సవతికి, తన కళ్లు చేతికిచ్చినట్టయింది. నేను గిన్నె తీసుకుని లేచాను.

మూడో వానలకు ఆ గింజనే నాటాం. ఆకులు విప్పగానే ఇద్దరం చేలోకి దిగాం. నేను సాలు వెంబడి వంగి చూస్తూ మచ్చ కనపడ్డదాన్ని పీకాలి. ఆమె వెనకాలే గంప పట్టుకుని నడిచేది. నేను పీకిన ప్రతి మొక్కనూ గంపలో వెయ్యకముందు చేతిలోకి తీసుకుని ఆకులు తడిమేది.

"ఇదెందుకు పీకావు? మెత్తగానే ఉంది."

"మచ్చుంది."

"ఎంత?"

"గోరంత."

"గోరంతకే పీకేస్తావా? మీ అమ్మ సొమ్మా?"

"ఉంచనా?"

మొక్క గంపలో పడింది. "పీకు."

పీకినవాటిని పొట్టేళ్లకు వెయ్యడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ముందు షెకరౌ మేకకు వేయించింది. అది రెండు రోజులు నిలబడ్డాక తన పొట్టేళ్లకు వేసింది. వారం తిరగకుండా మళ్లీ మొదటి సాలు నుంచి మొదలుపెట్టేవాళ్లం, ఎందుకంటే మొదటిసారి శుభ్రంగా ఉన్నవాటిలో కొన్నింటికి ఈలోగా పసుపు దిగేది. మూడోసారి తిరిగేటప్పటికి చేలో అక్కడక్కడ ఖాళీలు పడ్డాయి. మిగిలినవి మాత్రం సాగడం మొదలుపెట్టాయి. ఆమె తల్లి గింజ ఎలా పాకుతుందో నేను చూడటం అదే మొదలు.

చివరి సాలులో ఒక మొక్క ఉంది. చేనంతటిలోకీ పెద్దది. తీగలు నాలుగు వైపులా వెళ్లి, పక్క సజ్జ మొక్కల కాళ్లకు చుట్టుకున్నాయి. దాని దగ్గర ఆగిపోయాను. ఒక తీగ కొసన, లేత ఆకు మీద, పసుపు కనపడింది.

"ఏమైంది?" అంది డేలు వెనకనుంచి. "ఎందుకు ఆగావు?"

"ఇది పెద్దదక్కా. చాలా పెద్దది. కొసన మచ్చుంది."

ఆమె గంప దించి మోకాళ్ల మీద కూర్చుంది. తీగను మొదలు దగ్గర పట్టుకుని, చివరిదాకా చేత్తో నిమురుకుంటూ పోయింది. పోతూ ఉంటే పెదవులు కదులుతున్నాయి. కొస దగ్గర ఆకును వేళ్ల మధ్య పట్టుకుంది. ఇంకా ముడుచుకోలేదు అది. మెత్తగా ఉండి ఉంటుంది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదు."

"దాటిపోతే సరిపోయేది. మళ్లీ చేనంతా చెడేది. అప్పుడు నా మాట చెల్లేది కాదు ఇంట్లో."

"అవును."

"మరెందుకు చెప్పావు?"

ఎత్తిపొడుపు కాదు అది. నిజంగానే అడుగుతోంది. లోపల ఏదో ఉందని, అది ఏమిటో తనకు అందడం లేదని ఆమె ముఖంలో తెలుస్తోంది. ఏదైనా చెబుదామని చూశాను. ఏం చెప్పినా ఇంకో అనుమానానికే దారి తీసేలా ఉంది.

"ఏదో ఉంటుంది," అంది డేలు. "తర్వాత కనుక్కుంటాను." అని, మొక్క మొదలును రెండు చేతులతో పట్టుకుని తనే పీకింది.

ఆ ఏడు సగం పందిరికి మేత వచ్చింది. మరుసటేడు ఇంకొంచెం ఎక్కువ. విత్తనానికి కాయలను కులు వాళ్లు కోసిన మంచి కుప్పలోంచే తీశాం. డేలు మాత్రం ఆ కుప్ప పక్కన పీట వేసుకుని, అందరి చేతుల వైపు చూపు తిప్పుతూ కూర్చుంది, ఆ చేతులు ఆమెకు కనపడకపోయినా. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు వచ్చినా నేను ముందు, ఆమె వెనక. పోయిన వానల్లో కూడా నడిచింది, నా భుజం మీద చెయ్యి వేసుకుని. ఆ రోజు నేనెందుకు చెప్పానో ఆమె కనుక్కుందో లేదో నాతో ఎప్పుడూ అనలేదు.